సామర్లకోట మొక్కలు, లండన్ ఉత్తరాలు

మన తిరగమోతలో పడే కరివేపాకు శాస్త్రీయ నామం ముర్రాయా కోనిగీ. అందులో దాగి ఉన్న కోనిగ్ ఒక వైద్యుడు. పూర్తి పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. బాల్టిక్ సముద్ర తీరంలోని లివోనియాలో 1728లో పుట్టాడు. స్వీడన్ వెళ్లి లిన్నేయస్ దగ్గర వృక్షశాస్త్రం నేర్చుకున్నాడు. ఉద్యోగం మీద కోరమాండల్ తీరానికి వచ్చి, 1785 జూన్ 26న కాకినాడ జగన్నాథపురంలో రక్తవిరేచనాలతో కన్నుమూశాడు. చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసినవాడు దగ్గర్లోనే సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్. పోయేముందు కోనిగ్ తన రాతలన్నీ లండన్‌లోని ప్రకృతి శాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు చెందాలని రాసిపెట్టాడు.

పద్దెనిమిదో శతాబ్దం చివర మన తీరంలోని మొక్కల గుర్తింపు చాలావరకు ఈ ముగ్గురి మధ్య, వాళ్ల చుట్టూ ఉన్న మరికొందరి మధ్య నడిచిన ఉత్తరాల్లోనే తేలింది. మోదుగ, సోమిద, ఎర్రచందనం, చిల్ల, ముష్టి ఇక్కడివాళ్లు తరతరాలుగా ఎరిగిన చెట్లే. ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో వాటికి చోటు దొరకడం వెనక మాత్రం నెలల తరబడి సాగిన ఓడ ప్రయాణాలు, వానాకాలపు తేమతో పోరాటం, ఒకరి పొరపాటును మరొకరు సరిదిద్దిన ఓపిక ఉన్నాయి. మొక్కను గుర్తించడం ఏ ఒక్కరి కంటికో సాధ్యమయ్యే పని కాదనీ, దూరదూరాన ఉన్న పలువురి తెలివి ఒకచోట కలిస్తేనే అది జరుగుతుందనీ ఆ ఉత్తరాల చరిత్ర చెబుతుంది.

గుర్తించడమంటే పోల్చడమే

అడవిలో పూసిన చెట్టొకటి కనిపించిందనుకుందాం. ఇది కొత్తదా, ఇదివరకే ఎవరైనా వర్ణించినదా? ఎంతసేపు ఆ చెట్టునే చూస్తూ నిలబడ్డా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అప్పటిదాకా లోకంలో వర్ణించిన చెట్లలో దీనికి దగ్గరగా ఉన్నవాటన్నిటితో పోల్చి చూడాలి. అందుకు పుస్తకాలు కావాలి, ఎండబెట్టి భద్రపరిచిన నమూనాలు కావాలి. అవన్నీ ఐరోపా నగరాల్లో ఉన్నాయి. పచ్చి చెట్టేమో గోదావరి మన్యంలో ఉంది. ఈ రెంటికీ మధ్య సముద్రాలు ఉన్నాయి.

ఈ దూరాన్ని దాటే వీలు కల్పించినవాడు కార్ల్ లిన్నేయస్. 1753లో ఆయన ప్రచురించిన 'స్పీషీస్ ప్లాంటారమ్' గ్రంథం సుమారు ఆరు వేల మొక్కలకు రెండేసి మాటల పేర్లు పెట్టింది. మొదటి మాట ప్రజాతిది, రెండోది జాతిది. అంతకుముందు ఒక్కో మొక్కకు ఒక్కో వాక్యమంత పేరుండేది. పేర్లు కుదించడం ఒక ఎత్తయితే, వర్గీకరణకు ఆయన ఎంచుకున్న లక్షణం ఇంకో ఎత్తు. పూవులో కేసరాలు ఎన్ని, అవి ఎలా అమరి ఉన్నాయి అన్న లెక్క మీద పూల మొక్కలను 23 తరగతులు చేసి, పూలు కనిపించనివాటిని 24వ తరగతిలో పెట్టాడు.

ఈ లెక్క ఉత్తరాలకు చక్కగా ఒదిగింది. ఆకు ఎంత పచ్చగా ఉందో, పూవు ఎలా వాసన వేస్తుందో కాగితం మీద ఎంత రాసినా చదివేవాడికి అందదు. కేసరాలు ఐదు, కీలం ఒకటి, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, కాయలో గింజ ఒక్కటే అని లాటిన్‌లో రాస్తే ఉప్సాలాలో ఉన్నవాడికైనా లండన్‌లో ఉన్నవాడికైనా ఒకే అర్థం వస్తుంది. దేశం విడిచి వెళ్లిన శిష్యుడు ఎక్కడున్నా అదే లెక్కతో రాయగలిగాడు. లిన్నేయస్‌కు సుమారు 600 మందితో ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండేవి. ఆయన పుస్తకాలు ఎడిషన్ ఎడిషన్‌కూ పెరగడానికి ఆ ఉత్తరాలే కారణం.

ఓడ ఎక్కిన మొక్క

మొక్క గురించిన ఉత్తరమంటే నిజానికి ఒక మూట. అందులో నాలుగు రకాల వస్తువులు ఉండేవి. మొదటిది కాగితాల మధ్య అదిమి ఆరబెట్టిన కొమ్మ. పూవు, కాయ, ఆకు మూడూ ఉంటేనే దానికి విలువ. ఆరేలోగా కాగితాలు పదేపదే మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. వానలు ముసురుకున్న రోజుల్లో మన తీరంలో ఈ పని ఎంత కష్టమో ఎవరైనా ఊహించుకోవచ్చు. బూజు తప్పితే పురుగులు, చీమలు కాచుకుని ఉండేవి. రెండోది గింజలు. మొలిస్తే అక్కడి తోటలో పచ్చి మొక్కను చూడవచ్చు, కానీ ఓడలో వేడికీ ఉప్పు తేమకూ చాలా గింజలు చచ్చిపోయేవి. మూడోది వర్ణన. నాలుగోది బొమ్మ.

బొమ్మ అవసరం ఎందుకంటే, ఎండిన కొమ్మలో రంగు పోతుంది. కండగల పూవు నల్లబడి ముద్దవుతుంది. కాయ అణిగిపోతుంది. పూవును నిలువునా కోసి కేసరాలనూ అండాశయాన్నీ పెద్దవిగా గీసిన బొమ్మ పక్కనుంటే ఆ లోటు తీరుతుంది. అలాగని బొమ్మ ఒక్కటే చాలదు. చిత్రకారుడు గమనించనిది బొమ్మలోకి రాదు. నూరేళ్ల తర్వాత కొత్త ప్రశ్న పుట్టినప్పుడు భూతద్దం పెట్టి మళ్లీ చూడటానికి ఎండిన కొమ్మే దిక్కు. వీటిలో ఒకటి లేకపోతే మిగిలినవి బలహీనపడేవి.

ఈ మూట ఆఫ్రికా కొసను చుట్టి లండన్ చేరడానికి దాదాపు ఆరు నెలలు పట్టేది. జవాబు రావడానికి ఏడాది దాటేది. ఈలోగా అడిగినవాడు వేరే ఊరికి బదిలీ కావచ్చు, జబ్బుపడి పోవచ్చు. అందుకే ఆ రోజుల్లో ఉత్తరం రాసేవారు ఒకే మొక్క నమూనాలు రెండు మూడు తీసి, ఒకటి తమ దగ్గర అట్టిపెట్టుకుని మిగిలినవి పంపేవారు. ఫలానా సంఖ్య వేసిన కొమ్మ గురించి జవాబు వస్తే, తమ దగ్గరున్న అదే సంఖ్య కొమ్మను తీసి సరిచూసుకునేవారు. ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే ఇప్పటి హెర్బేరియాలు ఒకే సేకరణ నుంచి నకలు నమూనాలు పంచుకునే అలవాటు అలాంటిదే.

తరంగంబాడి వైద్యుడు

కోనిగ్ 1768లో డేనిష్ వాళ్ల స్థావరమైన తరంగంబాడికి మిషన్ వైద్యుడిగా వచ్చాడు. అంతకుముందే ఐస్‌లాండ్‌లో మొక్కలు సేకరించాడు. అక్కడి ఒక చిన్న మొక్కకు లిన్నేయస్ ఆయన పేరిట కోనిగియా అని పేరు పెట్టాడు. దక్షిణాదికి వచ్చాక ఆయన గురువుకు మొక్కలు, వర్ణనలు పంపుతూనే ఉన్నాడు. కరివేపాకును లిన్నేయస్ 1771లో బెర్గెరా కోనిగీ పేరుతో ప్రకటించాడు. తర్వాతివాళ్లు దాన్ని ముర్రాయా ప్రజాతిలోకి మార్చారు. ప్రజాతి మారినా కోనిగ్ పేరు మాత్రం నిలిచింది.

జీతం చాలక కోనిగ్ కొన్నాళ్లు ఆర్కాటు నవాబు కొలువులో ఉన్నాడు. 1778లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ను ప్రకృతి పరిశోధకుడిగా తీసుకుంది. అదే ఏడాది లిన్నేయస్ కన్నుమూశాడు. తండ్రి వదిలిన పనిని కొడుకు చేపట్టి ప్రచురించిన అనుబంధ గ్రంథం 1780ల మొదట్లో వెలువడింది. అందులో మన నేల చెట్లు ఎన్నో ఉన్నాయి. ఎర్రచందనం వాటిలో ఒకటి. దాని చెక్కను ఐరోపాలో శతాబ్దాలుగా రంగు కోసం కొంటున్నారు. చెక్క చేతికొచ్చినా ఆకూ పూవూ తెలియకపోతే శాస్త్రం ఆ చెట్టును ఎక్కడా చేర్చలేదు. కోనిగ్ అందించిన సమాచారంతో ఆ చెట్టు టెరోకార్పస్ సాంటలైనస్ అయింది. శేషాచలం, కడప కొండలకే దాదాపు పరిమితమైన ఈ చెట్టును 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం జాబితాలో కాపాడుతున్నది కూడా ఆ పేరుతోనే.

తరంగంబాడిలో కోనిగ్ చుట్టూ ఒక బృందం ఏర్పడింది. రాట్లర్, క్లైన్, జాన్ వంటి మిషన్ వాళ్లు ఆయన ప్రభావంతో మొక్కలు సేకరించడం మొదలుపెట్టారు. నమూనాలు ఒకరికొకరు పంపుకుని, చర్చించుకుని, కొత్తదని తేలిన మొక్కకు ఉమ్మడిగా పేరు పెట్టుకునేవారు. ఆ పేరు ఏ ఒక్కరిదీ కాక అందరిదీ అయ్యేది. ఊళ్లు దాటి తిరిగిన ఆ నమూనాలు ఇప్పటికీ ఐరోపా హెర్బేరియాల్లో ఉన్నాయి.

సామర్లకోటలో పన్నెండేళ్లు

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లాండ్‌లో 1751లో పుట్టాడు. ఎడింబరోలో జాన్ హోప్ దగ్గర చదువుకుని, 1776లో మద్రాసు వైద్య విభాగంలో చేరాడు. 1781 నుంచి 1793 దాకా ఆయన మకాం సామర్లకోట. అక్కడ కంపెనీ తోట నడిపాడు, రోజూ వాతావరణం రాసిపెట్టాడు, చుట్టుపక్కల మెరకలూ ఇసుక నేలలూ కొండలూ తిరిగాడు. 1787 మే నెలలో ఇంజరం ప్రాంతాన్ని ముంచెత్తిన తుఫాను ఉప్పెనలో ఆయన పోగుచేసిన మొక్కలు, పుస్తకాలు, కాగితాలు కొట్టుకుపోయాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈ రోజు మనం తిరగేసే బొమ్మల్లో చాలా భాగం ఆ నష్టం తర్వాత వేయించినవే.

అప్పుడు విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ ఉన్నాడు. రక్తపింజరికి ఇంగ్లిషులో ఆయన పేరే స్థిరపడింది. కోనిగ్ పోయాక కంపెనీ ప్రకృతి పరిశోధకుడి పదవి ఆయనకు వచ్చింది. కోరమాండల్ తీరంలో పనికొచ్చే మొక్కల మీద బొమ్మలతో ఒక పుస్తకం తేవాలని మద్రాసు ప్రభుత్వానికి రాసింది ఆయనే. లండన్‌లోని డైరెక్టర్లు ఒప్పుకుని, ముద్రణ బాధ్యత బ్యాంక్స్‌కు అప్పగించారు. రస్సెల్ 1789లో స్వదేశానికి వెళ్లిపోయాక ఆ పని రాక్స్‌బర్గ్ భుజాన పడింది. స్థానిక చిత్రకారులను కూర్చోబెట్టి, పూవులు కోసి చూపించి, బొమ్మలు వేయించి, ఒక్కో బొమ్మకు ఒక్కో వర్ణన రాసి విడతలు విడతలుగా లండన్‌కు పంపాడు.

కంపెనీ డబ్బు ఖర్చుపెట్టింది లాభం కోసం. రంగు, కలప, మందు, సుగంధద్రవ్యం కావాలి దానికి. రాక్స్‌బర్గ్ వర్ణనల్లో ఆ కోరిక నీడ కనిపిస్తుంది. సముద్రపు ఇసుకలో పెరిగే చిరివేరు గురించి రాస్తే, దాని వేరు బెరడుతో తెలుగు అద్దకంవాళ్లు బట్టకు ఎరుపు ఎలా ఎక్కిస్తారో కూడా రాశాడు. సామర్లకోటకు ఉత్తరాన ఉన్న కొండల్లో అడవి మిరియాల తీగ దొరికినప్పుడు అది మలబారు మిరియమేనా కాదా అన్నది వ్యాపారపు ప్రశ్న కూడా అయింది. తోటలో పెంచి, పూలు పరిశీలించి, చివరకు ఆయన దాన్ని వేరే జాతిగా తేల్చాడు. 1789 తర్వాత సర్కారు జిల్లాల్లో వచ్చిన ఘోరమైన కరువును కళ్లారా చూసిన మనిషి ఆయన. ఇసుక నేలల్లో పెరిగే చిట్టీత బోదెలోని పిండి జనానికి ఎలా ఆహారమైందో వివరంగా రాశాడు. లాభం కోసం మొదలైన పుస్తకంలో ఇలా జనజీవనం కూడా చేరింది.

ముష్టి, చిల్ల: ఒకే కుదురు, రెండు గుణాలు

రాక్స్‌బర్గ్ పుస్తకం మొదటి సంపుటంలో నాలుగో బొమ్మ ముష్టిది, ఐదో బొమ్మ చిల్లది. మొక్కను గుర్తించడం ఎంత సూక్ష్మమైన పనో తెలుసుకోవడానికి ఈ రెండూ చాలు.

రెండిటి ఆకులూ ఎదురెదురుగా ఉంటాయి. ఆకు మొదట్లోనే చీలి కొసదాకా నడిచే ఈనెలు రెండిటికీ ఉంటాయి. రెండిటి పూలూ చిన్నవి, గొట్టంలా ఉంటాయి, ఒక్కో పూవులో ఐదు కేసరాలు, ఒక కీలం. లిన్నేయస్ లెక్క ప్రకారం రెండూ ఒకే తరగతి, ఒకే ప్రజాతి: స్ట్రిక్నోస్. తేడా కాయ దగ్గర బయటపడుతుంది. ముష్టి కాయ పండితే నారింజ రంగులో, నారింజ అంత ఉంటుంది. లోపల జిగురు గుజ్జు, అందులో బిళ్లల్లాంటి గింజలు కొన్ని, వాటి మీద పట్టులాంటి నూగు. చిల్ల కాయ చిన్నది, పండితే నల్లబడుతుంది, లోపల గుండ్రటి గింజ ఒక్కటే.

ముష్టి గింజలో స్ట్రిక్నిన్ ఉంటుంది. నరాలను బిగించి మనిషిని చంపగల విషం అది. ఫ్రాన్స్‌లో పెల్టియే, కవంతూ 1818లో దాన్ని విడదీశారు. చిల్లగింజ అలా కాదు, మంచినీళ్లకు పనికొస్తుంది. కొత్త కుండ లోపలి గోడకు గింజను కాసేపు అరగదీసి, బురద నీళ్లు పోసి కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు చేరి పైన నీరు తేటపడుతుంది. గింజలోని పాలిసాకరైడ్లు, ప్రొటీన్లు మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి బరువెక్కిస్తాయి, అందుకే అవి కిందికి దిగుతాయి. ఈ పద్ధతిని రాక్స్‌బర్గ్ జనం చేస్తుండగా చూసి రాశాడు. శాస్త్రీయ నామంలోని పొటాటోరమ్ అన్న మాట కూడా ఈ తాగునీటి వాడకాన్ని పట్టుకుని పెట్టిందే.

లండన్‌లో కూర్చున్న పండితుడికి ఎండిన పూలకొమ్మ మాత్రమే చేరితే ఈ రెండూ దగ్గరి చుట్టాలని చెప్పగలడు. ఏది నీళ్లకుండలోకి, ఏది దూరంగా పెట్టాల్సిందో చెప్పలేడు. ఆ మాట చెప్పినవాళ్లు గోదావరి జిల్లాల గ్రామస్థులు. అందుకే రాక్స్‌బర్గ్ తన వర్ణనల్లో తెలుగు పేరు తప్పకుండా నమోదు చేసేవాడు. పేరుతో పాటు వాడకాన్నీ రాసేవాడు. ఊళ్లో రెండు వేర్వేరు పేర్లు ఉన్నాయంటే అవి వేర్వేరు మొక్కలు కావచ్చన్న తొలి సూచన అక్కడి నుంచే వచ్చేది. పూవు చెప్పే బంధుత్వం ఒకటి, అనుభవం చెప్పే తేడా మరొకటి. గుర్తింపుకు రెండూ కావలసి వచ్చాయి.

సోహో స్క్వేర్ గది

ఈ మూటలన్నీ చేరిన చోటు లండన్ సోహో స్క్వేర్‌లో 32వ నంబరు ఇల్లు. కెప్టెన్ కుక్‌తో ప్రపంచం చుట్టివచ్చిన జోసెఫ్ బ్యాంక్స్ 1778 నుంచి 1820 దాకా రాయల్ సొసైటీ అధ్యక్షుడు. ఆయన ఇంట్లో ఉన్నంత ప్రకృతి శాస్త్ర గ్రంథాలయం, హెర్బేరియం అప్పట్లో అరుదు. పండితులు ఎవరైనా వచ్చి చూసుకునే వీలుండేది. అక్కడి గ్రంథపాలకుడు యోనాస్ డ్రయాండర్ లిన్నేయస్ శిష్య పరంపరకే చెందినవాడు. ఆ గ్రంథాలయానికి ఆయన తయారుచేసిన జాబితాయే ఐదు సంపుటాలు.

సామర్లకోట నుంచి వచ్చిన బొమ్మను అక్కడ దేనిదేనితో పోల్చవచ్చో చూడండి. కోనిగ్ వీలునామా ద్వారా వచ్చిన రాతలు ఉన్నాయి. లిన్నేయస్ గ్రంథాలు ఉన్నాయి. కేరళ మొక్కల మీద వాన్ రీడ్ 1678 నుంచి 1693 వరకు పన్నెండు సంపుటాలుగా తెచ్చిన 'హోర్టస్ మలబారికస్' ఉంది. లోకం నలుమూలల నుంచి వచ్చిన ఎండు నమూనాలు ఉన్నాయి. ఇది ఫలానావారు వర్ణించిన మొక్కే, ఇది కొత్తది, ఇది కొత్త ప్రజాతే అని తేలేది ఆ బల్లల మీద. పంపిన ఐదు వందల బొమ్మల్లోంచి 300 ఎంపికై 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' పేరుతో మూడు సంపుటాలుగా వచ్చాయి. మొదటిది 1795లో మొదలైంది, చివరిది 1820కి గానీ ముగియలేదు. అప్పటికి రాక్స్‌బర్గ్ పోయి ఐదేళ్లయింది.

మొదటి సంపుటంలోనే ఒక తీగకు బ్యాంక్స్ రాక్స్‌బర్గియా అని పేరు పెట్టాడు. దూరాన ఉండి పంపినవాడిని ఇంట ఉండి పోల్చినవాడు గౌరవించిన తీరు అది.

సోమిద బెరడు ఎడింబరో ప్రయాణం

ఉత్తరాలు పేర్లనే కాక ఆశలనూ మోసుకెళ్లేవి. రాజమండ్రి సర్కారు కొండల్లో పెరిగే సోమిద చెట్టు బెరడు చేదు. అక్కడివాళ్లు దాన్ని జ్వరానికి వాడేవారు. ఆ రోజుల్లో మలేరియా జ్వరానికి ఉన్న మంచి మందు దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడు. అది ఖరీదైనది. దానికి బదులు ఇది పనిచేస్తుందేమోనని రాక్స్‌బర్గ్ బెరడు మూటలను వర్ణనతో సహా బ్రిటన్‌కు పంపాడు. పూవును బట్టి ఇది అమెరికా మహాగని చెట్టుకు దగ్గరిదని భావించి స్వైటీనియా ఫెబ్రిఫ్యూగా అన్నాడు. 1794లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఆండ్రూ డంకన్ అనే విద్యార్థి వైద్య పట్టా కోసం ఈ బెరడు మీదే సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. దానికి పెట్టిన పేరులో సోమిద అన్న తెలుగు మాట ఉంది.

సింకోనాలోని క్వినైన్ ఇందులో లేదు. కాబట్టి ఆ ఆశ ఫలించలేదు. వర్గీకరణ మాత్రం ముందుకు సాగింది. 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త అడ్రియాన్ ద జుస్యూ వేప కుటుంబాన్ని పరిశీలిస్తూ, ఇది మహాగని ప్రజాతిలో ఇమడదని తేల్చి కొత్త ప్రజాతి ఏర్పాటు చేశాడు. దానికి సోమిడా అనే పేరు నిలబెట్టాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ వృక్షశాస్త్రవేత్త ఈ చెట్టు గురించి రాసినా తెలుగు పేరుతోనే మొదలుపెట్టాలి. రాక్స్‌బర్గ్‌కు ఆ పేరు చెప్పిన మనిషి ఎవరో ఆ పేజీలో లేదు. చెప్పిన మాట మాత్రం లాటిన్ వేషంలో నిలిచింది.

జటామాంసి: దారి తప్పిన గుర్తింపు

పద్ధతి ఎంత మంచిదైనా, గొలుసులో ఒక లంకె తప్పితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ జటామాంసి. ప్రాచీన గ్రీకులు, రోమన్లు ఎంతో విలువిచ్చి కొన్న నార్డ్ అనే సుగంధ వేరు ఏ మొక్కది? ఈ ప్రశ్న పద్దెనిమిదో శతాబ్దపు పండితులను చాలా వేధించింది.

లండన్ వైద్యుడు గిల్బర్ట్ బ్లేన్‌కు లక్నోలో ఉన్న సోదరుడు ఒక ఉత్తరం రాశాడు. 1786లో నవాబు వేట బృందంతో హిమాలయాల దిగువకు వెళ్తుంటే రాప్తీ నది దాటాక గాలి అంతా సువాసన వచ్చిందట. ఏనుగులూ గుర్రాలూ తొక్కిన గడ్డి వేర్ల నుంచి వచ్చిన వాసన అది. ఆ గడ్డే నార్డ్ అని బ్లేన్ 1790లో రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. అదే ఏడాది కలకత్తాలో సర్ విలియం జోన్స్ దాన్ని ఖండించాడు. సంస్కృత వైద్య గ్రంథాలు, అరబిక్ నిఘంటువులు, స్థానిక వైద్యుల మాటలు పక్కపక్కన పెట్టి, నార్డ్ అంటే మన జటామాంసే అని వాదించాడు. ఆ వాదం సరైనదే. ఆ మొక్కకు వలేరియానా జటామాంసి అని పేరు పెట్టాడు. భూటాన్ నుంచి తెప్పించిన పచ్చి మొక్కలు కలకత్తా తోటకు చేరాయి. అప్పటికి ఆ తోట బాధ్యత రాక్స్‌బర్గ్‌దే. ఆయన వర్ణన 1795లో అచ్చయింది. జోన్స్ అప్పటికే చనిపోయాడు.

పొరపాటు ఇక్కడే జరిగింది. జటామాంసి పేరుతో భూటాన్ నుంచి వచ్చినవి జటామాంసి మొక్కలు కావు. దాని బంధువు, మనవాళ్లు తగర అని వాడే మొక్క. అసలు జటామాంసి హిమాలయాల్లో ఇంకా పైన, మూడు వేల మీటర్లు దాటిన చోట్ల పెరుగుతుంది. జోన్స్‌గానీ రాక్స్‌బర్గ్‌గానీ ఆ ఎత్తులకు వెళ్లలేదు. బజారులో అమ్మే వేరుకు పూవు ఉండదు, తోటకు వచ్చిన మొక్క ఆ వేరుదేనా అని సరిచూసినవారు లేరు. తర్వాత నేపాల్, హిమాలయ నమూనాలు వచ్చాక డేవిడ్ డాన్ అసలు మొక్కను వేరుచేశాడు, ఆ పైన 1830లో డి కండోల్ దాన్ని నార్డోస్టాకిస్ ప్రజాతిలో పెట్టాడు. నామకరణ నియమాల ప్రకారం జోన్స్ పెట్టిన పేరు తగరకే మిగిలిపోయింది. అందువల్ల ఈ రోజు శాస్త్రీయ నామంలో జటామాంసి అన్న మాట రెండు వేర్వేరు మొక్కలకు ఉంది. మూలికలు కొనేవాళ్లు, పరిశోధన పత్రాలు రాసేవాళ్లు ఈ గందరగోళంలో ఇప్పటికీ చిక్కుకుంటున్నారు.

పుస్తక జ్ఞానం సరైనదై, నమూనా తప్పయితే ఏం జరుగుతుందో ఇది చూపించింది. మాటకూ మొక్కకూ మధ్య కచ్చితమైన ముడి ఉండాలి. ఒక జాతికి పేరు పెడితే దానికి ఆధారంగా ఒక నమూనాను ఎత్తిచూపించి భద్రపరచాలన్న నేటి నియమం ఇలాంటి చిక్కుల నుంచి బయటపడటానికే పుట్టింది. దాన్ని టైప్ నమూనా అంటారు. పేరు మీద వివాదం వస్తే అందరూ ఆ ఒక్క కొమ్మ దగ్గరికి వెళ్లి చూడాలి.

మోదుగకు రెండు బారసాలలు

ఉత్తరం అందని చోట ఇంకో రకం చిక్కు వచ్చేది. ఫాల్గుణంలో ఆకు రాల్చి నిప్పులా పూసే మోదుగకు కోనిగ్ బ్యూటియా అనే ప్రజాతి పేరు అనుకున్నాడు, వృక్షశాస్త్ర ప్రియుడైన బ్యూట్ ప్రభువు గౌరవార్థం. రాక్స్‌బర్గ్ దాన్ని నిలబెట్టి 1795లో బ్యూటియా ఫ్రొండోజా అని ప్రకటించాడు. పారిస్‌లో లమార్క్ అంతకు పదేళ్ల ముందే, 1785లో, ఇదే చెట్టును బాడిదతో కలిపి ఎరిత్రినా మోనోస్పెర్మా అని అచ్చువేయించాడు. చాలాకాలం వరకు ఈ రెండు పేర్లూ ఒకే చెట్టువని ఎవరూ కలిపి చూడలేదు.

ముందు అచ్చయిన జాతి పేరుకే హక్కు అన్నది నియమం. ప్రజాతి విషయంలో మాత్రం మోదుగ బాడిద కాదన్న కోనిగ్, రాక్స్‌బర్గ్‌ల తీర్పే సరైనది. అందుకే ఇప్పుడు మోదుగ బ్యూటియా మోనోస్పెర్మా. మొదటి మాట జగన్నాథపురంలో కన్నుమూసిన వైద్యుడిది, రెండో మాట పారిస్ పండితుడిది. శాస్త్రీయ నామాలు తరచూ మారుతున్నాయని విద్యార్థులు విసుక్కుంటారు. ఆ మార్పుల్లో చాలావాటికి కారణం ఇదే. ఒకరికొకరు తెలియకుండా పనిచేసిన వాళ్ల లెక్కలు తర్వాతి తరాలవాళ్లు సరిచేస్తూ వస్తున్నారు.

ఆ ఉత్తరాల్లో లేని పేర్లు

రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు మారి 1813 దాకా పనిచేశాడు. ఆయన వేయించిన 2,500కు పైగా బొమ్మలు రెండు జతలుగా తయారయ్యాయి. ఒకటి లండన్ క్యూ ఉద్యానంలో, రెండోది కోల్‌కతాలో ఉన్నాయి. ఎండు నమూనా దొరకని జాతులకు ఆ బొమ్మలనే ఆధారంగా తీసుకుని వృక్షశాస్త్రవేత్తలు నేటికీ పేర్లు తేలుస్తున్నారు. ఇప్పుడు నమూనాల ఫొటోలు తెర మీద క్షణంలో చూడవచ్చు. ఆకు ముక్క నుంచి డీఎన్ఏ తీసి పోల్చవచ్చు. కానీ ఆ డీఎన్ఏను దేనితో పోల్చాలి? సరిగ్గా గుర్తించి భద్రపరిచిన నమూనాతోనే. ఆ నమూనా తప్పయితే యంత్రం కూడా తప్పే చెబుతుంది. భూటాన్ నుంచి వచ్చిన మొక్కల పాఠం అక్కడా వర్తిస్తుంది.

ఈ చరిత్రలో ఒక అన్యాయం ఉంది, దాన్ని దాటవేయకూడదు. పంపినవాడి పేరు మొక్కకు వచ్చింది. పోల్చినవాడి పేరు పుస్తకం మీద పడింది. కోరమాండల్ పుస్తకం కోసం రోజుల తరబడి కూర్చుని కేసరం కేసరం లెక్కపెట్టి బొమ్మలు వేసిన చిత్రకారుల పేర్లు అందులో కనిపించవు. ఇది చిల్ల, అది ముష్టి అని వేలు పెట్టి చూపించినవాళ్ల పేర్లూ లేవు. గుర్తింపు అనే పనిలో మొదటి మెట్టు వాళ్లదే. కేరళలో వాన్ రీడ్ తనకు సాయపడిన ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుడి వాంగ్మూలాన్ని పుస్తకంలోనే అచ్చువేశాడు కాబట్టి ఆయన ఎవరో లోకానికి తెలిసింది. అలా చేయడం ఆ కాలంలోనూ సాధ్యమే అనడానికి అది సాక్ష్యం.

ఆ లోటును ఇప్పుడు మనం పూడ్చవచ్చు. మన డిగ్రీ కళాశాలల్లో వృక్షశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ పరీక్ష కోసం హెర్బేరియం షీట్లు తయారుచేస్తాడు. చాలా షీట్ల మీద లాటిన్ పేరు, కుటుంబం, తేదీ ఉంటాయి. వాటి కింద ఇంకో మూడు గడులు చేర్చాలి: ఆ ఊళ్లో దాన్ని ఏమంటారు, దేనికి వాడతారు, ఆ మాట చెప్పింది ఎవరు. చెప్పినవాళ్ల అనుమతితో వాళ్ల పేరు రాయాలి. ఒకే మొక్కకు శ్రీకాకుళంలో ఒక పేరు, నల్లమలలో ఒక పేరు, ఆదిలాబాద్‌లో ఇంకో పేరు ఉంటాయి. చెంచులకు, కోయలకు, గోండులకు, సవరలకు తెలిసిన తేడాలు చాలా వరకు ఇంకా ఏ షీటు మీదకూ ఎక్కలేదు. ఆ తేడాల్లో కొన్నయినా వృక్షశాస్త్రం ఇప్పటికీ వేరుచేయని జాతులను పట్టించవచ్చు. రాక్స్‌బర్గ్ కూడా తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. చెప్పినవాళ్ల పేరు కూడా రాసి, ఆ పద్ధతిని పూర్తి చేయడం మన బాధ్యత.